గ్లోబల్ ఎక్స్ హైడ్రోజన్ ఈటీఎఫ్: కొనేముందు లోపలికి చూడండి

హైడ్రోజన్ రంగం కంపెనీల షేర్లను కలిపి పెట్టుకుని, స్టాక్ మార్కెట్లో తనూ ఒక షేరులా అమ్ముడయ్యే ఫండ్ (ఈటీఎఫ్) ఇది. 2021 జులైలో మొదలైన ఈ అమెరికా ఫండ్‌కి ఏడాది ఖర్చు 0.50 శాతం, భరించదగ్గదే. చిక్కంతా లోపలి కంపెనీలతోనే. బ్లూమ్ ఎనర్జీ, ప్లగ్ పవర్ లాంటి కొద్ది పేర్ల మీదే బరువు ఎక్కువ. పైగా బ్లూమ్ ఫ్యూయల్ సెల్స్ (ఇంధనాన్ని మండించకుండానే కరెంటుగా మార్చే పరికరాలు) ఇప్పటికీ ఎక్కువగా నడిచేది సహజవాయువుతో! ప్లగ్ పవర్ అయితే 2023 నవంబరులో తన మనుగడే సందేహమని స్వయంగా ప్రకటించింది. నగదు అయిపోతే ఇలాంటి కంపెనీలు కొత్త షేర్లు అమ్ముతాయి, మన వాటా పలచబడుతుంది. కాబట్టి చేతిలో ఉన్న నగదును ఒక త్రైమాసికంలో కరిగిన నగదుతో భాగించండి. నాలుగు కన్నా తక్కువొస్తే ఆ కంపెనీ ఏడాదిలోపే డబ్బు వెతుక్కోవాలి.

కిలో హైడ్రోజన్‌కి ఎలక్ట్రోలైజర్ (నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రం) దాదాపు 50-55 యూనిట్ల కరెంటు తాగుతుంది. చవక కరెంటు ఒప్పందం లేని ప్రాజెక్టు ప్రకటనలకు విలువ కట్టొద్దు. పొదుపులో చిన్న ముక్కకే ఈ ఫండ్ సరిపోతుంది.