రాడ్లు ఎందుకో అడగడానికి వెళ్ళాం, స్కోరు వేసి చూపించారు

అమ్మకి రొమ్ము క్యాన్సర్ వెన్నుపూసకి పాకిందని ఎంఆర్ఐలో తేలిన రోజే మొదటి ఆసుపత్రిలో "రేపే అడ్మిట్ అయిపోండి, రాడ్లు వేయాలి" అన్నారు. ఎందుకని అడిగితే సరైన జవాబు లేదు. అందుకే హైదరాబాద్‌లోనే ఇంకో చోట స్పైన్ ఓపీకి తీసుకెళ్ళాం. రెండింటి పేర్లూ రాయను.

పదింటికి టోకెన్ ఇచ్చి ఒంటిగంటన్నరకి పిలిచారు. నడుము పట్టుకుని మూలుగుతున్న మనిషిని ఇనుప కుర్చీలో అంతసేపు కూర్చోబెట్టడం ఏం పద్ధతో! పైగా ఎముక సంగతి సీటీలో బాగా తెలుస్తుందని స్కానింగ్‌కి పంపారు, మళ్ళీ ఖర్చు. బాగా విసుక్కున్నాను.

కానీ సీటీ వచ్చాక డాక్టరు గారు చీటీ వెనక్కి తిప్పి, పెన్నుతో సిన్స్ స్కోరు, అంటే క్యాన్సర్ పాకిన వెన్ను నిలకడగా ఉందో లేదో చెప్పే లెక్క, మా కళ్ళ ముందే వేశారు. డి12 పూస అంటే ఛాతీ వెన్నూ నడుమూ కలిసే చోటు, అందుకు 3. లేస్తే నొప్పి, పడుకుంటే తగ్గుతోంది, దానికి 3. ఎముక కొంత కరిగి కొంత గట్టిపడింది 1, పూస సగంలోపే కుంగింది 2, వెనక ఒక పక్కకే పాకింది 1, వరస చెదరలేదు కాబట్టి 0. మొత్తం 10. 6 వరకూ నిలకడగా ఉన్నట్టు, 13 నుంచి లేనట్టు, మధ్యలో ఉంటే మనిషిని చూసి తేల్చాలట. నరాల మీద ఒత్తిడి లేదు, కాళ్ళలో బలం ఉంది, అందుకని ముందు రేడియేషన్, బెల్టు అన్నారు.

తర్వాత టోకుహాషి స్కోరు, అంటే ఎన్నాళ్ళు ఉంటారన్న అంచనా. జూనియర్ ఒకాయన అమ్మ ముందే "12 వచ్చింది, ఏడాది పైన" అనేశాడు. ఆ మాట నన్ను బయటికి పిలిచి చెప్పొచ్చు కదా! అమ్మేమో "15కి 12 అంటే ఫస్ట్ క్లాసే కదయ్యా" అంది. పెద్ద డాక్టరు గారు నవ్వేసి, అది 2005 నాటి లెక్కమ్మా, ఆ తర్వాత వచ్చిన మందులు అందులో లేవు, నెలలు లెక్కపెట్టుకోకండి అన్నారు.

పది సిట్టింగుల రేడియేషన్ అయింది. ఇప్పుడు మంచం దిగడానికి మా సాయం అక్కర్లేదు. బెల్టు మాత్రం ఈ ఎండల్లో నరకం, లోపల కాటన్ బనియన్ వేయాలని ఎవరూ చెప్పలేదు, చర్మం ఒరుసుకుపోయాక మేమే తెలుసుకున్నాం. కాళ్ళు బరువెక్కినా, మూత్రం ఆగిపోయినా అర్ధరాత్రయినా వచ్చేయమని ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో తెలుగులో రాసిచ్చారు, అది ఫ్రిజ్ మీద అంటించాం.

5కి 4. పోయిన ఒకటీ ఆ కుర్చీకి.