లాబ్రడార్ పిల్ల కోసం కొన్న 42 అంగుళాల మడత క్రేట్: అడ్డు బాగుంది, ట్రే బాగోలేదు

కుక్కపిల్ల ఇంటికి వస్తోందంటే గిన్నెలు, పట్టీ, పరుపు, బొమ్మలు అన్నీ ఉత్సాహంగా కొనేస్తాం. వాటిలో ఏది కొన్నా ఎలాగోలా పని జరిగిపోతుంది. ఆలోచించి కొనాల్సింది మాత్రం క్రేట్, అంటే కుక్క పడుకోవడానికి వాడే బోను. మేం తీసుకున్నది ఇనప చువ్వలతో చేసిన 42 అంగుళాల మడత క్రేట్. ముందొక తలుపు, పక్కన ఇంకో తలుపు, అడుగున ప్లాస్టిక్ ట్రే, లోపల ముందుకూ వెనక్కూ జరుపుకునే ఒక జాలీ అడ్డు. మా బుజ్జి రెండు నెలల పిల్లగా వచ్చిన రోజు నుంచి, పాలపళ్లు ఊడి గట్టి పళ్లు వచ్చేదాకా ఇందులోనే పడుకుంది.

ముందు ఆ అడ్డు గురించి చెప్పాలి. ఈ క్రేట్ కొనమని నేను చెప్పేది దాన్ని చూసే. కుక్క తను పడుకునే చోటును తడుపుకోవడానికి ఇష్టపడదు. కానీ చోటు మరీ ఎక్కువైతే ఒక మూల పడుకుని ఇంకో మూల పోసేస్తుంది. లేచి నిలబడి, ఒక చుట్టు తిరిగి, కాళ్లు చాపుకుని పడుకోగలిగితే పిల్లకు అంతే చాలు. పెద్దయిన లాబ్రడార్‌కు 42 అంగుళాలు కావాలి, రెండు నెలల పిల్లకు అందులో సగం కూడా ఎక్కువే. అడ్డు లేని రకం కొంటే ఇప్పుడు చిన్నదొకటి, కొన్ని నెలలకు పెద్దదొకటి కొనుక్కోవాలి. ఇందులో బుజ్జి పెరిగేకొద్దీ అడ్డును ఒక్కో చువ్వ వెనక్కి జరుపుతూ వచ్చాం. ఎప్పుడు జరపాలో లెక్కలేమీ అక్కర్లేదు. పడుకున్నప్పుడు నడుము అడ్డుకు ఆని, ముక్కు తలుపు చువ్వల్లోకి వచ్చిందంటే జరపాల్సిన టైమ్ వచ్చినట్టే.

అయితే అడ్డును పట్టి ఉంచే కొక్కేలు వదులుగా ఉన్నాయి. పిల్ల వీపుతో గట్టిగా తోస్తే కింద ఒక పక్క ఊడి వస్తుంది. ఆ సందులో తల ఇరుక్కుంటే ప్రమాదం. నాలుగు మూలలా జిప్ టైలు (లాగి బిగించే ప్లాస్టిక్ పట్టీలు) బిగించి, మిగిలిన తోకలు నున్నగా కత్తిరించేశాం. ఆ తోకలు వదిలేస్తే నమలకుండా ఉండదు.

ఇక ట్రే. రాత్రిపూట బుజ్జి పక్కకు దొర్లినా సరే, ఇనుముకు తగిలి టకటకమంటుంది. దాని కింద పాత దుప్పటి మడతపెట్టి పరిస్తే చప్పుడు తగ్గింది. అంచులు పైకి లేచి ఉండటం మంచిదే, లోపల పోసినా గచ్చు మీదికి రాదు. అసలు ఇబ్బంది పళ్లు మారే వయసులో. మూడు నాలుగు నెలలప్పుడు 28 పాలపళ్లు ఊడటం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 పళ్లు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్ల దురదకు ఏది దొరికితే అది కొరుకుతుంది. ట్రే ముందు అంచు మెత్తటి ప్లాస్టిక్, చువ్వల పక్కనే పంటికి అందేట్టు ఉంటుంది. ఒక మూల పెచ్చులు లేచిపోయింది. అలాంటి ముక్క మింగితే పేగుల్లో అడ్డుపడొచ్చు కాబట్టి చూసిన వెంటనే ట్రే తీసేసి, సరిపడే రేకు ట్రే చేయించి వేశాం. ఇంత గట్టి చువ్వలు పెట్టినవాళ్లు ట్రే దగ్గర పొదుపు చేయడం నాకు నచ్చలేదు.

తలుపుకు రెండు గడియలున్నాయి, రెండూ గట్టివే. పైది ఒక్కటే వేసి వదిలేస్తే కింద సందు తెరుచుకుంటుంది, రెండూ వేయాల్సిందే. లోపలికి పంపేముందు మెడ పట్టీ తీసేయండి. బిళ్ల చువ్వల్లో చిక్కుకుంటే పిల్ల గింజుకుని మెడకు బిగించుకుంటుంది. పెట్టెలో వచ్చిన కాగితంలో ఈ మాట రాయలేదు, రాయాలి.

మొదట్లో మా అమ్మ "పాపం, పసిదాన్ని జైల్లో పెడతావేంట్రా" అని బాధపడింది. ఆవిడ బాధలో న్యాయముంది. తిట్టి లోపలికి తోసి తలుపేస్తే అది జైలే. మేం మొదట కొన్నాళ్లు తలుపు వేయనేలేదు. తిండి గిన్నె లోపలే పెట్టేవాళ్లం, రాత్రిళ్లు క్రేట్‌ను మా మంచం పక్కనే ఉంచాం, గాలి ఆడేట్టు ఒక పక్క వదిలి పైన దుప్పటి కప్పాం. ఇప్పుడు ఇంట్లో సందడి ఎక్కువైతే బుజ్జి తనంతట తనే వెళ్లి పడుకుంటుంది. పిల్లలెవరైనా అందులో చెయ్యి పెడితే "దాన్ని నిద్రపోనీరా?" అని అమ్మే కసురుతుంది.

పొద్దున వేసి సాయంత్రం తీసేవాళ్లకు మాత్రం ఏ క్రేటూ పనికిరాదు. పిల్ల వయసు ఎన్ని నెలలో సుమారు అన్ని గంటలే అది పగటిపూట ఆపుకోగలదు, కాస్త అటూ ఇటూ. రెండు నెలల పిల్లైతే రాత్రి కూడా లేచి బయటికి తీసుకెళ్లాలి. పొరపాటున లోపల పోస్తే, మూత్రం వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి. అమ్మోనియా కలిసినవి వద్దు, వాటి వాసన మూత్రం వాసనకు దగ్గరగా ఉండి మళ్లీ అక్కడే పోస్తుంది.

లాబ్రడార్ అంత పెరిగే జాతి పిల్లకు ఈ క్రేట్ ధైర్యంగా తీసుకోవచ్చు. చిన్న జాతికైతే అడ్డుతో పెద్ద పని ఉండదు, 24 అంగుళాల మామూలుది చాలు. ఆ జాతి కుక్క పెద్దయ్యాక ముక్కు నుంచి తోక మొదలుదాకా ఎంతుంటుందో తెలుసుకుని, ఇంకో మూడు నాలుగు అంగుళాలు కలిపి సైజు చూసుకోండి. రేకు ట్రే విడిగా దొరుకుతుందేమో కొనేముందే అడగండి.