ఇంజన్ ఆగితే వెనక్కి తిరగాలా, ఎదురుగా దిగాలా?

చిన్న విమానం నేల వదిలి 300 అడుగులు లేచేసరికి ఇంజన్ ఆగిపోయిందనుకోండి. పైలట్ ముందు రెండే దారులు: వెనక్కి తిరిగి రన్‌వే చేరడం, లేదా ముక్కు దించి ఎదురుగా ఉన్న చోటే దిగడం.

వెనకాల రన్‌వే ఉందని తెలుసు కాబట్టి మనసు అటే లాగుతుంది. కానీ లెక్క కుదరదు. రన్‌వేకి సూటిగా రావాలంటే 180 డిగ్రీలు చాలవు. పక్కకి జరిగిన దూరం సరిచేయడానికి ఇంకా తిప్పాలి. ఎత్తు కోల్పోకుండా 45 డిగ్రీలు వాల్చి తిప్పితే స్టాల్ వేగం, అంటే రెక్కలు విమానాన్ని మోయడానికి కావలసిన కనీస వేగం, దాదాపు 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకైతే 41 శాతం. అంతవరకూ సరిపోయిన వేగమే రెక్కలకు చాలకుండా పోతుంది. నేల దగ్గరపడుతున్నకొద్దీ ముక్కు పైకెత్తాలని చెయ్యి తెలియకుండానే యోక్‌ని (విమానాన్ని నడిపే చక్రాన్ని) వెనక్కి లాగుతుంది. ఒక రెక్క ముందుగా కుంగుతుంది, విమానం గింగిరాలు తిరుగుతుంది. అంత తక్కువ ఎత్తులో తేరుకునే వ్యవధి ఉండదు.

ఎదురుగా దిగితే చక్రాలు విరగొచ్చు, రెక్క కంచెకు తగలొచ్చు. అయినా విమానం చివరిదాకా పైలట్ అదుపులోనే ఉంటుంది. ఎదురుగాలి నేల మీది వేగాన్ని తగ్గిస్తుంది. వేగం సగమైతే తాకిడి శక్తి పావు వంతే. నా ఓటు దీనికే.

తగినంత ఎత్తుంటే తిరగడమూ సాధ్యమే. ఆ ఎత్తెంతో శిక్షకుడితో బాగా పైన సాధన చేసి తేల్చుకుని, ప్రతి టేకాఫ్‌కి ముందూ "ఈ ఎత్తులోపు ఇంజన్ ఆగితే ఎదురుగానే" అని బయటికే చెప్పుకునే పైలట్లున్నారు.