పుకార్లపై కంపెనీల వివరణలు: ఎక్స్ఛేంజీల ప్రకటనల విభాగం ఎంతవరకు పనికొస్తుంది?

టెలిగ్రామ్ గ్రూపుల్లో, యూట్యూబ్ వీడియోల్లో ఒక షేరు గురించి పుకారు పుట్టినప్పుడు చిన్న మదుపరి పైసా ఖర్చు లేకుండా వెళ్లి చూడదగిన చోటు స్టాక్ ఎక్స్ఛేంజీలైన బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలోని కార్పొరేట్ ప్రకటనల విభాగం. అక్కడ కంపెనీ పేరు కొడితే, ఫలానా వార్తపై ఎక్స్ఛేంజీ వివరణ కోరిందనీ జవాబు రావలసి ఉందనీ తెలిపే నోటు, ఆ తర్వాత కంపెనీ సెక్రటరీ సంతకంతో వచ్చిన పీడీఎఫ్ కనిపిస్తాయి.

ఈ సేవకు పదును పెట్టింది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ. ప్రధాన మీడియాలో వచ్చిన నిర్దిష్టమైన వార్త వల్ల షేరు ధర చెప్పుకోదగినంతగా కదిలితే, కంపెనీ 24 గంటల్లోగా దాన్ని ధ్రువీకరించాలి, ఖండించాలి లేదా స్పష్టత ఇవ్వాలి. ఈ నిబంధన మార్కెట్ విలువలో తొలి 100 కంపెనీలకు 2024 జూన్ 1 నుంచి, తొలి 250 కంపెనీలకు అదే ఏడాది డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సోషల్ మీడియాలో తిరిగే మాటలను మాత్రం దీని పరిధిలో చేర్చలేదు.

అలా చేర్చకపోవడం సబబేనని నా అభిప్రాయం. పేరూ ఊరూ లేనివాడు రాసిన ప్రతి మాటనూ ఖండించుకుంటూ పోయే కంపెనీ, నిజంగానే విలీనం చర్చలు జరుగుతున్న రోజున నోరు మెదపకపోతే ఆ మౌనాన్నే మార్కెట్ అంగీకారంగా తీసుకుంటుంది. పోనీ అప్పుడూ ఖండిస్తే అది మదుపరులను మోసం చేయడమే అవుతుంది. ధర కదిలితేనే నోరు విప్పాలన్న షరతు ఈ చిక్కును చాలావరకు తప్పిస్తుంది.

అసలు లోపం జవాబుల నాణ్యతలో ఉంది. వృద్ధి కోసం వివిధ అవకాశాలను ఎప్పటికప్పుడు పరిశీలిస్తూ ఉంటామనీ, ప్రస్తుతానికి వెల్లడించవలసిన సమాచారమేదీ లేదనీ చెప్పే జవాబు చదివాక, ఫ్యాక్టరీ అమ్మకం వార్త నిజమో కాదో చదవకముందు ఎంత తెలుసో అంతే తెలుస్తుంది. చిన్న కంపెనీల తీరు ఇంకా నిరాశపరుస్తుంది. షేరు వరసగా అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో ధర పెరగడానికి అనుమతించిన గరిష్ఠ పరిమితి) కొడుతుంటే ఎక్స్ఛేంజీ కారణం అడుగుతుంది. ధర కదలిక పూర్తిగా మార్కెట్ నిర్ణయమేనని రెండు వాక్యాల లేఖ వస్తుంది, అదీ ఒక్కోసారి అక్షరాలు సరిగా కనబడని స్కాన్ కాపీ. పుకార్లతో ఆటలాడేది ఎక్కువగా ఇలాంటి షేర్లలోనే అయినా, 24 గంటల నిబంధన వీటిని తాకదు.

లెటర్‌హెడ్ మీద సంతకం ఉన్నంత మాత్రాన నమ్మేయడం కూడా కుదరదు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ లెక్కలు కూడా, అవి తప్పుడువని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ 2009 జనవరి 7న బయటపడేదాకా, సంతకాలతో సక్రమంగా వచ్చినవే.

ఇన్ని లోపాలున్నా పెద్ద కంపెనీల షేర్లు కొనేవారికి ఈ విభాగం అలవాటు చేసుకోదగినదే: వార్తను పేరు పెట్టి ఖండించిన జవాబుకు విలువ ఇవ్వవచ్చు, దాటవేసిన జవాబును జవాబు రానట్టే లెక్కించవచ్చు. ఎక్స్ఛేంజీ అడిగిన సమయాన్నీ కంపెనీ జవాబిచ్చిన సమయాన్నీ ఒకే వరసలో చూపి, జవాబుల సారాంశాన్ని తెలుగు వంటి భాషల్లోనూ ఇస్తే, ఇంగ్లిష్ లేఖలతో కుస్తీ పట్టే మదుపరులకూ ఇది అందుబాటులోకి వస్తుంది.