రామన్ మైక్రోస్కోప్: పొరల లెక్కకు తిరుగులేదు, పేర్పు తెలియాలంటే మాత్రం ఫిల్టర్ చూసి కొనండి

నల్గొండలో మా ల్యాబ్‌కు 532 నానోమీటర్ల లేజర్ ఉన్న ఈ రామన్ మైక్రోస్కోప్ వచ్చి ఏళ్లు గడిచాయి. లేజర్ వెలుగు శాంపిల్‌ను తాకి చెదిరినప్పుడు దాని రంగులో వచ్చే చిన్న మార్పును బట్టి పరమాణువుల కంపనాలను పీకులుగా చూపించే మిషన్ ఇది. గ్రాఫీన్, మాలిబ్డినం డైసల్ఫైడ్ లాంటి అతి పలుచని పొరల పదార్థాల శాంపిళ్లు దాదాపు రోజూ దీని కిందే పెడుతున్నాను. మహబూబ్‌నగర్ వైపు కాలేజీల వాళ్లు కూడా కొనాలా వద్దా అని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

పొరలు లెక్కపెట్టడంలో బంగారం లాంటి మిషన్. మాలిబ్డినం డైసల్ఫైడ్‌కు 384, 404 వేవ్‌నంబర్ల (ఆ రంగు మార్పును కొలిచే యూనిట్) దగ్గర రెండు పీకులొస్తాయి. వాటి మధ్య దూరం ఒక్క పొరకు 18-19 వేవ్‌నంబర్లు, రెండు పొరలకు 21-22, మందపాటి ముక్కకు 25 దాకా. గ్రాఫీన్‌లో లోపాలుంటే 1350 దగ్గర డి పీక్ లేస్తుంది. కాకపోతే లేజర్ చుక్కే ముప్పావు మైక్రాన్ వెడల్పు, కాబట్టి ఊడిపోయిన ఒక్కో పరమాణువును చూపించలేదు. దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే దిక్కు.

అసలు చిక్కంతా పేర్పు దగ్గరే, అంటే పొరలు ఒకదానిపై ఒకటి ఏ తీరున కూర్చున్నాయో తెలుసుకోవడంలోనే. ఫర్నేస్‌లో పెరిగిన పెద్ద త్రికోణపు పొర మీద చిన్న త్రికోణపు పొర అదే దిక్కుకు ఉంటే 3ఆర్ అనే పేర్పు, తిరగబడి ఉంటే 2హెచ్ అనే పేర్పు అని కంటితోనే అంచనా వేస్తాం. రుజువు కావాలంటే 384, 404 పీకులు పనికిరావు, రెండింటికీ దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది 50 కంటే కింద. పొరలు ఒకదానిపై ఒకటి పక్కకు జరిగే కంపనం 2హెచ్ జంటపొరలో 23 దగ్గర గట్టిగా వస్తుంది, 3ఆర్‌లో బలహీనపడుతుంది. ఒంటిపొరలో అసలు ఉండదు. మా మిషన్‌తో వచ్చిన, లేజర్ వెలుగును అడ్డుకునే ఎడ్జ్ ఫిల్టర్ 100 కిందిదంతా కోసేసేది. అమ్మినవాళ్లు కొటేషన్‌లో ఆ మాటే ఎత్తలేదు. లేజర్ గీతను మాత్రమే సన్నగా కోసే నాచ్ ఫిల్టర్లు వేయించాక లేజర్ గీత పక్కనే ఆ సన్నని పీక్ కనిపించిన రోజు ల్యాబ్ అంతా వచ్చి స్క్రీన్ ముందు నిలబడ్డాం.

మన ఎండలతో ఇంకో టెన్షన్. మే నెలలో ఏసీ ఆగిందంటే మిషన్‌ను సరిచూసుకోవడానికి వాడే సిలికాన్ ముక్క పీక్ 520.7 దగ్గరుండాల్సింది పక్కకు జరుగుతుంది. రెండు పీకుల మధ్య దూరం చెడదు కానీ, పీక్ స్థానాన్ని బట్టి పొర ఎంత సాగిందో లెక్కగడితే తప్పొస్తుంది. శాంపిల్‌కు ముందూ తర్వాతా సిలికాన్ చూడాల్సిందే. పవర్ కూడా ఒక మిల్లీవాట్ లోపే ఉంచండి, లేకపోతే పలుచని పొర వేడెక్కి పాడైపోతుంది.

నా రేటింగ్ 5కి 4. కొనే ముందు 10 వేవ్‌నంబర్ల దాకా చూపిస్తుందని రాతపూర్వకంగా తీసుకోండి. డెమో వాళ్లు తెచ్చిన సిలికాన్ ముక్క మీద కాకుండా మీ జంటపొర శాంపిల్ మీద చేయించుకోండి.