ఇంట్లో పాలిష్ పెట్టి చెడగొట్టుకున్న ట్రిగ్గర్, హనుమకొండలో జరిగిన మరమ్మతు

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయాలి. పోటీకి ముందు జరిగే తనిఖీలో పిస్టల్ గొట్టాన్ని నిట్టనిలువుగా ఉంచి, ట్రిగ్గర్‌కు ఆ బరువును తగిలించి పైకి లేపుతారు. బరువు లేచేలోపే ట్రిగ్గర్ జారితే ఆ పిస్టల్ పోటీకి పనికిరాదు. నా పిస్టల్ గత నెల సాధనలోనే ఆ పరీక్ష తప్పింది, దానికి కారణం నేను చేసిన పనే.

లాగుతున్నప్పుడు ట్రిగ్గర్‌లో సన్నని గరగర తగులుతోందని ఒక ఆదివారం విప్పి, సియర్‌ను, అంటే ఎక్కుపెట్టిన పిస్టల్‌ను ట్రిగ్గర్ లాగేదాకా ఆపి ఉంచే చిన్న ఉక్కు భాగాన్ని, 1000 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది, ఆపైన మెటల్ పాలిష్ పేస్టుతో అద్దంలా మెరిసేదాకా తుడిచాను. రెండు రోజులు హాయిగానే నడిచింది. మూడో రోజునుంచి, ట్రిగ్గర్ తేలిగ్గా కదిలే మొదటి దశ దాటాక, గుండు వదిలే ముందు వేలికి ఆనవలసిన గట్టు ఆనడం మానేసింది. ఒక్కోసారి గురి కుదరకముందే గుండు వెళ్లిపోయేది, ఇంకోసారి ట్రిగ్గర్ వెనక్కి రాకుండా బంకలా పట్టుకునేది. బరువు స్క్రూను అటూ ఇటూ తిప్పి సర్దబోవడంతో అసలు లోపం ఎక్కడుందో తెలియకుండా పోయింది.

తోటి షూటర్ చెప్పగా, హనుమకొండ నుంచి కాజీపేట వెళ్లే దారిలో ఎయిర్ పిస్టళ్లు, ఎయిర్ రైఫిళ్లు మాత్రమే బాగుచేసే ఒక చిన్న దుకాణానికి వెళ్లాను. లైసెన్సు అవసరమైన తుపాకులను అక్కడి పెద్దాయన ముట్టుకోరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం వాటి మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలని వచ్చినవారికి ముందే చెబుతారు. ఈ పట్టింపే నాకు మొదట నమ్మకం కలిగించింది.

ఆయన ముందుగా గాలి సిలిండర్ విప్పి, లోపల గుండు లేదని చూసి, సిలిండర్ తీసినా వాల్వులో కొంత గాలి మిగిలి ఉండవచ్చు గనుక ఇసుక పెట్టెవైపు తిప్పి ఒకసారి ట్రిగ్గర్ లాగి, గొట్టంలో నారింజ రంగు సేఫ్టీ తాడు దూర్చిన తరువాతే పిస్టల్‌ను పనిబల్ల మీద పెట్టారు. నేను తిప్పిన స్క్రూలన్నిటినీ మాన్యువల్ చూసి కంపెనీ కొలతకు తెచ్చారు. ఆ తరువాత భాగాలను ద్రావకంతో కడిగితే గుడ్డకు నల్లటి జిడ్డు అంటింది. పేస్టు గ్రీజుతో కలిసి ముద్దకట్టిందని, ట్రిగ్గర్ పట్టేయడానికి కారణం అదేనని చూపించారు. కడిగాక పట్టేయడం పోయింది, గట్టు మాత్రం తిరిగి రాలేదు.

అప్పుడు సియర్ అంచుకు నీలి మార్కర్ పూసి, పిస్టల్‌ను పదిసార్లు ఎక్కుపెట్టి వదిలి, కంటికి భూతద్దం పెట్టుకుని చూసి, ఆ అద్దాన్ని నాకిచ్చారు. రంగు అంచు పొడవునా సమంగా చెరగాలి. నా సియర్‌కు ఒక మూలన వెంట్రుకంత గీత మేర మాత్రమే చెరిగింది, మిగతా అంచంతా గుండ్రంగా అరిగి రంగు రంగులాగే ఉంది.

“నున్నగ చేసినవ్ బిడ్డా, కాని కోణం పోయింది. ఇది నునుపు మీద నిలబడదు, అంచు మీద నిలబడతది,” అన్నారు.

“ఇంకొంచెం రుద్ది సరిచేయరాదా పెద్దయ్యా?” అని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. ఇలాంటి సియర్లకు ఉక్కు పైపొరే గట్టిపరిచి ఉంటుందని, అది పోయాక లోపలి మెత్తని లోహం మీద ఎంత చక్కగా కోణం తీసినా నాలుగు రోజుల్లో మళ్లీ అరుగుతుందని, ఎక్కుపెట్టిన పిస్టల్ చిన్న కుదుపుకే పేలితే పక్కనున్నవారికి ప్రమాదమని వివరించారు. నాలుగు వందలు తీసుకుని రుద్ది పంపించే వీలున్నచోట అలా కాదన్నందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కొత్త సియర్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. భాగానికి 1,900 రూపాయలు, పనికి 500 తీసుకున్నారు. బిగించాక బరువు పరీక్షను నా ఎదుటే పదిసార్లు చేశారు, ఒక్కసారి కూడా జారలేదు. పాత సియర్‌ను చిన్న కవరులో పెట్టి తిరిగి ఇచ్చారు. ఆ మరునాడు 75 నిమిషాల్లో 60 షాట్లు పోటీ పద్ధతిలో వేశాను. గట్టు ప్రతిసారీ ఒకేచోట ఆనింది, మొదట నన్ను విసిగించిన గరగర కూడా లేదు. అది పాత గ్రీజులో చేరిన దుమ్ము వల్ల వచ్చిందేనని, కడిగితే పోయేదని ఆయన అన్నప్పుడు చాలా బాధ కలిగింది.

లోపాలూ ఉన్నాయి. ఖర్చు అంచనాను నోటితో చెప్పారే తప్ప కాగితం మీద ఇవ్వలేదు, భాగం వచ్చిందా అని ఫోన్ చేస్తే నాలుగుసార్లకు ఒకసారి ఎత్తారు. పోటీ దగ్గరపడినవారికి ఈ జాప్యం కష్టమే గనుక కనీసం మూడు వారాల ముందు వెళ్లాలి. పిస్టల్‌తో పాటు మాన్యువల్ తీసుకెళ్లండి, ఇంట్లో ఏం చేశారో దాచకుండా చెప్పండి, స్క్రూలు తిప్పి ఉంటే ఏది ఎన్ని చుట్లు తిప్పారో రాసుకుని వెళ్లండి. నేను అలా రాసుకోకపోవడం వల్లే ఆయనకు మొదటి గంట స్క్రూలను సరిచేయడానికే సరిపోయింది.