రూఫ్ పనికి సంతకం పెట్టేముందు: టెక్సస్‌లో నమోదు కాని బయటి రాష్ట్రపు కంపెనీలతో జాగ్రత్త

టెక్సస్‌లోని మా ఊరు ఫ్రిస్కోలో వడగళ్లు పడిన మూడో రోజున ఒక కంపెనీ మనిషి మా తలుపు తట్టి, నిచ్చెన వేసుకుని కప్పెక్కి, దెబ్బతిన్న షింగిళ్ల (కప్పు పలకల) చుట్టూ సుద్దతో సున్నాలు చుట్టి ఫొటోలు చూపించాడు. ఇన్సూరెన్స్ డిడక్టిబుల్, అంటే మరమ్మతు ఖర్చులో ఇంటి యజమాని కట్టాల్సిన వాటా, తామే భరిస్తామన్నాడు. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో అలా మాఫీ చేయడం చట్టవిరుద్ధమని నాకు అప్పుడు తెలియదు. 6,000 డాలర్లు అడ్వాన్సు ఇచ్చాను. కప్పు మీద నీలం టార్పాలిన్ ఒకటి పరిచి వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు.

డబ్బు వెనక్కి అడిగితే, మిగతా సొమ్ము కోసం కోర్టుకు లాగుతామని ఈమెయిలు వచ్చింది. అప్పుడు, రాష్ట్రంలో నమోదైన కంపెనీలను వెతికి చూడగల కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నుల అధికారి) వెబ్‌సైటులో వాళ్ల పేరు వెతికాను. ఉచితమే, రెండు నిమిషాల పని. పేరు లేదు. కాంట్రాక్టు అడుగున సన్న అక్షరాల్లో వేరే రాష్ట్రపు చిరునామా ఉంది. ఇక్కడి చట్టం ‘ఫారిన్’ అనేది విదేశీ కంపెనీలనే కాదు; పొరుగునున్న ఓక్లహోమా కంపెనీ కూడా టెక్సస్‌కు ఫారినే.

అలాంటి కంపెనీ ఇక్కడ వ్యాపారం చేయాలంటే కంపెనీల నమోదు చూసే రాష్ట్ర అధికారి, సెక్రటరీ ఆఫ్ స్టేట్ వద్ద నమోదు కావాలి. లాభాపేక్ష గల సంస్థకు ఫీజు 750 డాలర్లు. ముప్పై రోజుల్లో ముగిసే ఏకైక లావాదేవీకి మినహాయింపు ఉంది గానీ, మా వీధిలోనే నాలుగిళ్లకు సంతకాలు చేయించుకున్నవాళ్లకు అది వర్తించదని నా అభిప్రాయం. నమోదు కానంతకాలం ఆ లావాదేవీల మీద టెక్సస్ కోర్టులో దావా నడిపే హక్కు వాళ్లకు లేదు. కనుక ఆ బెదిరింపు అప్పటికి ఉత్తదే. అయితే అంతమాత్రాన కాంట్రాక్టు చెల్లకుండా పోదు. మనం దావా వేస్తే వాళ్లు వాదించుకోవచ్చు, ఆలస్య రుసుము కట్టి నమోదై తిరిగి మన మీదికీ రావచ్చు. ఈ సంగతి తెలియక మా పొరుగాయన చెక్కు ఆపేసి నిశ్చింతగా ఉన్నారు.

టెక్సస్‌లో రూఫింగుకు రాష్ట్ర లైసెన్సు లేదు గనుక, సంతకానికి ముందే ఈ నమోదునూ, రిజిస్టర్డ్ ఏజెంటు (కంపెనీ తరఫున కోర్టు కాగితాలు అందుకునే ప్రతినిధి) పేరునూ చూసుకోండి. ఇంటికి వచ్చి చేయించుకున్న ఒప్పందాన్ని సాధారణంగా మూడో పనిదినం అర్ధరాత్రిలోగా రద్దు చేసుకోవచ్చు. నేను ఆ గడువు దాటాక మేల్కొన్నాను. చిన్న మొత్తాల తగాదాలు చూసే జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల వరకు దావా వేయవచ్చు కాబట్టి అక్కడే వేశాను. ఏజెంటు లేనందున సమన్లు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ద్వారా పంపించాను. టార్పాలిన్ ఇంకా కప్పు మీదే ఉంది.